ఎత్తకూడని మాట

గదికి ఒకటే తలుపు. ఆ తలుపులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు బాబూరావు.

దేవకుమారి ఆయన వైపు చూడకుండా పిల్లల్ని చాపల మీద సర్ది కూర్చోబెట్టింది. రేపల్లెలో చర్చి వెనక గది. ఆదివారం పొద్దున సండే స్కూలు అక్కడే. కరెంటు లేదు. కిటికీ పక్కింటి గోడ వైపుకి తెరుచుకుంటుంది కాబట్టి గాలి కూడా లేదు.

"తాతయ్య ఎందుకొచ్చారు టీచర్?" ముందు వరసలో పిల్ల అడిగింది.

"పాఠం వినడానికి."

"ఆయన చేత కూడా కంఠత వాక్యం అప్పజెప్పించుకుంటారా?"

పిల్లలు పకపకా నవ్వారు. బాబూరావు కూడా నవ్వాడు. ఆయన సంఘ పెద్ద. నవ్వితే బాగుంటాడు.

"ఇవాళ మీ టీచరు క్షమించడం గురించి చెబుతుందర్రా. నేనే చెప్పమన్నాను."

నిజమే. పొద్దున కాఫీ గ్లాసు కింద పెడుతూ చెప్పాడు.

"రేపు రూబీ కోర్టుకి పోతుంది. ఈలోగా దాని నోటితో 'క్షమించాను' అనిపించమ్మాయ్. అంతే. మిగతాది నీ రూలే చూసుకుంటుంది."

"అలాగేనండి" అంది దేవకుమారి. ఇంకేం అనగలదు?

ఆ రూలు ఆమె పెట్టిందే. క్లాసులో ఎవరైనా కొట్టుకుంటే చేతులు కలపాలి. క్షమించాను అనాలి. ఇక ఆ గొడవ మళ్ళీ ఎత్తకూడదు. అమ్మకి చెప్పకూడదు, పాస్టరు అయ్యగారికి చెప్పకూడదు. పిల్లలకి అది పదకొండో ఆజ్ఞ అయిపోయింది. అందరికంటే గట్టిగా పాటించేది రూబీ.

రూబీ గోడకి ఆనుకుని కూర్చుంది. ఎనిమిదేళ్ళుంటాయి. ఎండాకాలంలో నాయనమ్మ వరమ్మ చెయ్యి పట్టుకుని చెరుకుపల్లి రోడ్డు దాటుతుంటే రొయ్యల వ్యాను వచ్చి గుద్దింది. వరమ్మ అక్కడికక్కడే పోయింది. వ్యాను ఆగింది. నడిపినవాడు దిగాడు. చూశాడు. మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ మొహం చూసింది రూబీ ఒక్కతే.

వ్యాను బాబూరావుది. నడిపింది ఆయన కొడుకు సందీప్ అని పోలీసులు. కాదు, క్లీనరు అని లాయరు. రూబీ నోరు విప్పితే సందీప్ జైలుకి పోతాడు. విప్పకపోతే ఏ పాపమూ ఎరగని క్లీనరు పోతాడు.

దేవకుమారి యోసేపు కథ మొదలుపెట్టింది. అన్నలు అతన్ని గోతిలో పడేశారు. వర్తకులకి అమ్మేశారు. ఆ తరవాత కరువొచ్చి ఆ అన్నలే అతని ముందుకొచ్చి నిలబడ్డారు.

"గోతిలో కప్పలున్నాయా టీచర్?" ఒకడు.

"నీలాంటి కప్పలా?" ఇంకొకడు.

"టీచర్, వీడు చూడండి! మొన్న కూడా నా పెన్సిలు..."

"ఎత్తకూడదు!" క్లాసంతా ఒక్కసారి అరిచింది.

పెన్సిలు వాడు టక్కున నోరు మూసుకున్నాడు. తలుపు దగ్గర బాబూరావు తృప్తిగా తల ఊపాడు.

"రూబీని అడుగమ్మాయ్" అన్నాడు.

దేవకుమారి గోడ వైపు తిరిగింది. "రూబీ, నువ్వెవరినైనా క్షమించాలా?"

రూబీ ఆమె మొహంలోకి చూసింది.

"సందీప్ అంకుల్ని."

"క్షమిస్తావా?"

"క్షమిస్తే మీకు బాగుంటుందా టీచర్?"

దేవకుమారి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అయితే క్షమించేశాను. మీరు ఏడవకండి."

బాబూరావు కుర్చీలోంచి లేచాడు. పని అయిపోయింది. జేబులోంచి చాక్లెట్లు తీశాడు.

"మరి రేపు జడ్జిగారు అడిగినా ఎత్తకూడదా?" రూబీ అడిగింది.

"ఎత్తకూడదు తల్లీ. ఎవరడిగినా గుర్తులేదను, అంతే" అన్నాడు ఆయన.

రూబీ చాక్లెట్ తీసుకోలేదు. కనుబొమలు ముడిచి ఏదో ఆలోచిస్తోంది.

"టీచర్, యోసేపు వాళ్ళన్నయ్యల్ని క్షమించాడు కదా? మరి, 'మీరు నన్ను అమ్మేశారు' అని వాళ్ళ మొహం మీదే ఎందుకన్నాడు? గుర్తులేదు అనాలి కదా?"

పిల్లలంతా తలలు తిప్పారు. కప్పల కుర్రాడు కూడా టీచర్ వైపు చూస్తున్నాడు.

"అది బైబిలు. ఇది వేరు" అన్నాడు బాబూరావు. తరవాత దేవకుమారి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఎవరి నీడన నిలబడ్డావో చూసుకుని మాట్లాడమ్మాయ్. ఇక్కణ్ణుంచి పోతే నీకింకో గుమ్మం లేదు."

అదీ నిజమే. ఆమెకి తెలుసు. బయటికి పోదామంటే ఆ గదికి ఉన్న తలుపులో కూడా ఆయన కుర్చీయే అడ్డం.

చెమట చీరలోంచి కారుతోంది. దేవకుమారి వెళ్ళి చాప మీద రూబీకి ఎదురుగా కూర్చుంది.

"రూలు నేను తప్పు పెట్టానమ్మా."

"అమ్మాయ్!"

ఆమె తల తిప్పలేదు. "యోసేపు క్షమించాడు. జరిగిందీ చెప్పాడు. నువ్వు కూడా చూసింది చూసినట్టు చెప్పు."

"చెబితే మీరు కోప్పడరు కదా?"

"కోప్పడను."

"ఏడవరు కదా?"

దేవకుమారి రూబీ తల నిమిరింది. బాబూరావు కుర్చీని ఒక్క తన్ను తన్ని బయటికి వెళ్ళిపోయాడు. పిల్లలు బిక్కచచ్చిపోయారు. రూబీ మాత్రం లేచి వచ్చి టీచర్ కొంగు పట్టుకుని నిలబడింది.

మర్నాడు కోర్టులో రూబీ చూసింది చూసినట్టు చెప్పి, దేవకుమారి భర్త సందీప్ వైపు వేలు చూపించింది.