ముఖం మీదే చెప్పిన మాట

క్లాసు అయ్యేదాకా ఆమె మెట్ల మీదే నిలబడింది.

పైన హాల్లోంచి యోగా టీచరు గొంతు వినిపిస్తోంది. "మెల్లిగా లేవండి, తొందరేం లేదు. ఏదైనా నచ్చకపోతే ముఖం మీదే చెప్పండి, ఏమీ అనుకోను." రోజూ క్లాసు చివర ఆ అమ్మాయి అనే మాటే అది. ఈ క్లాసుకే వచ్చే తన భర్త ఇంటికొచ్చి అచ్చం అదే గొంతుతో అని నవ్వించేవాడు.

ఆయన పోయి పద్నాలుగు రోజులైంది.

చాపలు చుట్టుకుని ఒక్కొక్కరే దిగుతున్నారు. ఆమెను చూసి కబుర్లు ఆపేసి, గోడవారగా ఒదిగి దారిచ్చారు.

ఆమె పైకి వెళ్లేసరికి టీచరు ఒక చేత్తో చాప పట్టుకుని కిటికీలు తెరుస్తోంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది. ఆమెను చూడగానే పరుగున వచ్చింది.

"రండి వదినా, కూర్చోండి. నేనే వద్దామనుకున్నాను. మొహం చెల్లలేదు."

"కూర్చోను. ఒక మాట చెప్పి వెళ్లిపోతాను."

కొడుకు చావు కబురు విని వచ్చిన అత్తగారు ఇంట్లోనే ఉంది. "నువ్వు చెప్తావా, నన్ను వెళ్లమంటావా? నా నోరు అసలే మంచిది కాదు" అని పొద్దున్నే గుమ్మం దాకా వచ్చి మరీ పంపింది. రాక తప్పలేదు.

"నువ్వు బాగానే నేర్పిస్తావు. నడుంనొప్పి తగ్గిందని ఆయనే అన్నారు, కాదనను. కానీ డాక్టరు పని నీకెందుకమ్మా?"

టీచరుకు అర్థం కాలేదు.

"ఫిట్స్ మాత్రలు మానెయ్యమన్నావట. ఊపిరి సరిగ్గా పీల్చుకుంటే మందులే అక్కర్లేదన్నావట. మానేశారు. నెల తిరక్కుండానే బాత్రూంలో ఫిట్స్ వచ్చి పడిపోయారు. తల పగిలింది. 'రక్తంలో మందన్నదే లేదు, ఎవరు మానెయ్యమన్నారు?' అని డాక్టరు మా అత్తగారి ముందే అడిగాడు. నేనేం చెప్పాలి?"

టీచరు చేతిలో చాప జారిపోయింది.

"నేనా? నేనన్నానా వదినా?"

"నువ్వు కాకపోతే ఇంకెవరు?"

ఆ అమ్మాయి గోడకానుకుని అలాగే కింద కూలబడింది.

"మందుల సంగతి డాక్టరునే అడగమని అన్నట్టు గుర్తు. కానీ క్లాసులో శ్వాసే మందు అంటుంటాను. అందరితోనూ అంటాను. అదే పట్టుకున్నారేమో అన్నయ్య."

"ఆ మాత్రలు వేసుకుంటే మనిషి మనిషిలా ఉండేవారు కాదు. నిజమే." ఆమె కిటికీ వైపు తిరిగింది. "టైలరు షాపులో కత్తెర చేతిలో ఉండగానే కునికేవారు. కొలతలు మర్చిపోయేవారు. నేను మాట్లాడుతుంటే మధ్యలో కళ్లు మూతలు పడేవి. మానేశాక ఆ కొద్ది రోజులూ మళ్లీ పాత మనిషయ్యారు. పాడుకుంటూ గుడ్డ కత్తిరించేవారు. అయినా..."



"నేనూ చూశాను వదినా. ఎంత హుషారుగా ఉండేవారో! నా యోగా పనిచేస్తోందని మురిసిపోయాను." టీచరు రెండు చేతులతో మొహం కప్పుకుంది. "నాదే తప్పు. నన్నేమన్నా పడతాను."



టీచరు లేచింది. ఫ్యాను ఆపింది. గోడకున్న క్లాసుల వేళల బోర్డు తీసి బోర్లించింది.

"రేపటి నుంచి క్లాసులుండవు. ఇంకొకరి ప్రాణం మీదికి తేలేను."

ఆమె ఏదో అనబోయింది. చివరికి "నీ ఇష్టం" అని మెట్లు దిగింది. సగం మెట్ల దగ్గర ఆగింది. పైనుంచి ఆ అమ్మాయి ఏడుపు వినిపించింది. రెయిలింగ్ పట్టుకుని కాసేపు నిలబడి, దిగిపోయింది.

ఇల్లు చేరేసరికి అత్తగారు గేటు దగ్గరే కాచుకుని ఉంది.

"చెప్పావా?"

"చెప్పాను అత్తయ్యా."

"ఏమంది?"

"తప్పు తనదేనంది. క్లాసులు మూసేస్తానంది."

ముసలావిడ పెద్దగా నిట్టూర్చింది. కోడల్ని దగ్గరకు లాక్కుంది. ఇన్ని రోజుల్లో అదే మొదటిసారి. తల నిమురుతూ అంది: "నువ్వేం చేస్తావే తల్లీ! ఎవరో ఏదో అన్నారని మందులు మానేశాడు నా కొడుకు."

ఆయన ఒక్క పూట కూడా మానలేదు. చనిపోవడానికి మూడు నాలుగు వారాల ముందే తన సీసాలో ఫిట్స్ మాత్రలు పారబోసి భార్యే విటమిన్ బిళ్లలు నింపి పెట్టిందని తెలియక, పోయిన రోజు పొద్దున కూడా మర్చిపోకుండా వేసుకున్నాడు.