థార్న్‌మియర్‌లో చివరి వరుస

ఆడపడుచులు లేని సంబంధమని లలిత ఏరికోరి చేసుకుంది. ఆ లోటు తెలియకుండా సాధించడానికి మామగారు ఉమామహేశ్వరరావు ఉన్నారు. అమెరికాలో తమ దగ్గరికి, హెర్న్‌డన్ వచ్చి నాలుగు నెలలైంది, గుడికి తీసుకెళతానన్నా కదలరు. ఎంతసేపూ థార్న్‌మియర్ గోలే. ఇంగ్లండ్‌లో ఏదో మూలనున్న పల్లె. ఆయన అందులో కాలు పెట్టింది లేదు.

"మహమ్మారి వచ్చిన ఏడు సగం ఊరు పోయిందమ్మా. గుంట తవ్వేవాడు కూడా మిగల్లేదు."

"ముందు తినండి మామయ్యా. వాళ్లు పోయి ఏడొందల ఏళ్లయింది. పెసరట్టు ఇప్పుడే చల్లారిపోతోంది."

తర్వాత మగ్గాలు పోయాయి, రైలు పోయింది. ఈమధ్య బడి మూతపడింది. బస్సు వారానికొక్కటే. ఇళ్లన్నీ లండన్ వాళ్లు సెలవులకని కొనేసుకున్నారు. ఇప్పుడు వాళ్ల కార్లకి చోటు కావాలి. చర్చి వెనక సమాధుల్లో చివరి వరుస తీసేయాలా వద్దా అన్నది అక్కడి పంచాయతీ ఇవాళ తేలుస్తుంది. రాళ్లు పీకి గోడకి ఆనిస్తారట.

మధ్యాహ్నం రెండింటికి లలిత జూమ్ కలిపింది. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నారు. చేతిలో అభ్యంతరం రాసుకున్న కాగితం.

"చరిత్రంతా ముందు వరుసల్లోనే ఉందన్నారుగా? వెనకవి పాతికేళ్ల నాటివి. పోతే పోనివ్వండి."

"పోనివ్వకూడదమ్మా."

తెర మీద తెల్లజుట్టు అధ్యక్షురాలు ఆయన చదివిందంతా ఓపిగ్గా వింది. తర్వాత మర్యాదగానే చెప్పింది. మా ఊరి చరిత్ర మీద మీకింత అభిమానం ఉండటం సంతోషమే, కానీ అభ్యంతరం చెప్పే హక్కు బంధువులకే. ఆ వరుసలో మీవాళ్లెవరైనా ఉన్నారా?

లలితకి నవ్వొచ్చింది. మ్యూట్ నొక్కి, "ఎవరో దొరగారి మునిమనవణ్ణని చెప్పేయండి మామయ్యా. వచ్చి చూస్తారా ఏంటి?" అంది.

ఆయన నవ్వలేదు. ముప్ఫైయేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పిన ఆయన కాగితం మడిచి, మళ్లీ విప్పారు. అధ్యక్షురాలు మరోసారి అడిగింది. ఎవరూ లేకపోతే ఓటింగ్‌కి వెళతామంది.

"మామయ్యా, టైమ్ అయిపోతోంది."

"నువ్వు చెప్పమ్మా వాళ్లకి. నావల్ల కావడం లేదు."

"ఏమని చెప్పను? ఆ వరుసలో మనకెవరున్నారని?"

"దొరని చేసుకుందని బతికుండగానే నా కూతురికి నీళ్లొదిలేశాను, తప్పు నాదేనమ్మా."