జనం విమానమా, సరుకు విమానమా

"ఓడిపోతే మీసం తీసేస్తారా బావగారూ?"

రామకోటేశ్వరరావు మీసాన్ని ఒకసారి తడుముకున్నాడు. "తీసేస్తానండీ. సిద్ధార్థ సరుకు విమానం పట్టుకుంటే నున్నగా తీసేస్తాను. జనం విమానం పట్టుకున్నాడో, మీరు తీయాలి."

"తీయకపోతే అడగండి," అన్నాడు నాంచారయ్య.

భవానీపురంలో రామకోటేశ్వరరావు ఇంటి హాల్లో వియ్యంకులిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో చాప. చాప మీద రెండు బొమ్మ విమానాలు. వరసగా కిటికీలున్న తెల్లది రామకోటేశ్వరరావు కొన్నది. కిటికీల్లేకుండా, పొట్ట లావుగా ఉన్నది నాంచారయ్య ఉయ్యూరు నుంచి తెచ్చింది. ఇద్దరికీ కలిపి ఒక్కడే మనవడు. పైలట్ అన్నదాంట్లో ఇద్దరికీ పేచీ లేదు. ఏ విమానం నడపాలన్నదే పేచీ. ఇవాళ భోజనాల లోపు అది తేలిపోవాలి.

ఉద్యోగమున్నంత కాలం రామకోటేశ్వరరావు మైలవరం ఆర్టీసీ బస్సు నడిపాడు. నాంచారయ్యది కిరాయి లారీ. బెల్లమైనా, ఎరువైనా, పెళ్ళివారి మంచాలైనా పిలిస్తే వెళ్ళేవాడు.

మేడ మీద అద్దెకుంటున్న అఫ్రాజ్ గన్నవరం ఎయిర్‌పోర్టులో పనిచేస్తాడు. భోజనానికి పిలిచి, అతన్ని మధ్యవర్తిగా కూర్చోబెట్టారు.

"చెప్పు బాబూ. చిన్న ఊళ్ళకి తిరిగే జనం విమానాల్లో ఉద్యోగం ఎట్టా ఉంటది?" అడిగాడు రామకోటేశ్వరరావు.

"ఇప్పుడే తొందరేముంది సార్?"

"ఇవాళ కాకపోతే ఇంకెప్పుడయ్యా? చెప్పు."

"కడప, తిరుపతి, అట్లా తిప్పుతారు సార్. డ్యూటీలు ముందే వేసేస్తారు. ఎప్పుడెక్కాలో, ఎప్పుడు దిగాలో తెలిసిపోద్ది. అనుభవం వచ్చేకొద్దీ పెద్ద విమానాలిస్తారు."

"అద్దీ! అచ్చం నా మైలవరం బస్సే!"

"మరి సరుకుదో?" అన్నాడు నాంచారయ్య.

"అది పిలిస్తే పోవాలండీ. ఎక్కడో ఫ్యాక్టరీలో మిషనాగిపోద్ది, పార్టు అర్జెంటని ఫోనొస్తది. బ్యాగు సర్దుకునే ఉండాలి. ఒక్కోసారి రోజుల తరబడి ఖాళీ. ఒక్కోసారి కంచం ముందు నుంచి లేవాల. కానీ రోజుకో ఊరు, రోజుకో వాతావరణం. చెయ్యి బాగా తిరుగుద్ది."

"నా లారీ అండీ! ముమ్మాటికీ నా లారీయే!" నాంచారయ్య తొడ చరిచాడు.

"కంచం ముందు నుంచి లేవడమా?" అన్నాడు రామకోటేశ్వరరావు. "మావాడి వల్ల అయ్యే పనేనా? ఆకలేస్తే నిమిషం ఆగడు. ఇల్లు పీకి పందిరేస్తాడు."

"నిద్ర సంగతి చెప్పరేం? పగలంతా పడుకుంటాడు. అర్ధరాత్రి లేచి అందర్నీ లేపి కూర్చోబెడతాడు. సరుకు విమానం కోసమే పుట్టాడండీ వాడు."

"డ్యూటీ ప్రకారం నడిస్తే నిద్రా దారికొస్తది."

"మైకులో ప్రయాణికులకి నమస్కారం ఎవరు చెప్తారు? వాడు నోరు విప్పి ఒక్క ముక్క మాట్లాడగా విన్నారా మీరు? కొత్త మొహం కనపడితే చాలు, తల తిప్పేసుకుంటాడు. సరుకైతే పలకరించక్కర్లేదు."

రామకోటేశ్వరరావు మాట మార్చాడు. "పెళ్ళి మాటేంటి మరి? సరుకు విమానమంటే ఎవరిస్తారండీ పిల్లని? గాల్లో లారీ డ్రైవరంటారు."

"నేను లారీ డ్రైవర్నే. నాకివ్వలేదా?"

"మీకిచ్చేనాటికి మీకు జుట్టుంది. వాడికేదీ?"

"దానికేముంది సార్, పైలట్లకి టోపీ ఇస్తారు," అన్నాడు అఫ్రాజ్.

సిద్ధార్థ తండ్రి జయంత్ అరిటాకులు కడుగుతూ అటుగా వచ్చాడు. "నువ్వేమంటావురా?" అని అడిగాడు రామకోటేశ్వరరావు.

"నా ఉద్యోగమప్పుడే నన్నెవరూ అడగలేదు నాన్నా," అని జయంత్ వెళ్ళిపోయాడు.

వంటింట్లో పాయసం కలుపుతున్న కనకలక్ష్మి గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది. "వాడు రెండూ వద్దంటే ఏం చేస్తారు?" అంది.

"ఎందుకంటాడే? అనడు!" అన్నాడు ఆమె భర్త రామకోటేశ్వరరావు.

"అనడు చెల్లెమ్మా," అన్నాడు నాంచారయ్య. మొదటిసారి ఇద్దరి మాటా ఒకటైంది.

"సిద్ధార్థ లేచాడు!" గదిలోంచి వాడి తల్లి శివపార్వతి కేకేసింది. "ఎవరూ గోల చెయ్యకండి. చిరాగ్గా ఉన్నాడు."

అందరూ నోళ్ళు మూసుకున్నారు. సిద్ధార్థ పట్టుపంచెలో చాప మీద కూర్చున్నాడు. ఎవరినీ పలకరించలేదు. విమానాలు రెంటినీ మార్చి మార్చి చూశాడు.

"నాన్నా, కిటికీలు చూడు. ఎన్ని కిటికీలో!" రామకోటేశ్వరరావు తెల్లదాన్ని వేలితో చూపించాడు.

నాంచారయ్య కాలి బొటనవేలితో లావు విమానాన్ని మెల్లగా ముందుకు తోశాడు.

"కాలు తియ్యండి సార్," అన్నాడు అఫ్రాజ్.

సిద్ధార్థ కుడిచెయ్యి చాపి తెల్ల విమానం పట్టుకున్నాడు.

"మీసం!" రామకోటేశ్వరరావు లేచి గంతేశాడు. "బావగారూ, మీసం!"

ఆయన గంతు పూర్తికాకుండానే సిద్ధార్థ ఎడమచేత్తో లావు విమానం అందుకున్నాడు. రెంటినీ టపటపా కొట్టాడు. తెల్లదాని రెక్క విరిగింది.

"చివరికి ఏది ఉంచుకుంటాడో అదే లెక్క!" అంటూ నాంచారయ్య వంగాడు. ఆయన ఎక్కడ తొండి చేస్తాడోనని రామకోటేశ్వరరావు కూడా వంగాడు.

సిద్ధార్థ రెండు విమానాలూ వదిలేశాడు. ఒక చేత్తో ఒక మీసం, ఇంకో చేత్తో ఇంకో మీసం పట్టుకుని బలంగా లాగాడు. తాతలిద్దరూ ఒకేసారి కెవ్వుమన్నారు. అఫ్రాజ్ గడ్డం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగాడు.

"తేల్చేశాడుగా," అంది కనకలక్ష్మి. "ఇద్దరూ తీసెయ్యండి. లేవండి, నా పాయసం చల్లారిపోతోంది."

అలా జరిగింది, సిద్ధార్థ అన్నప్రాసన.