మూడు నవ్వులు

ఇప్పుడు మూడు నవ్వులు లేని కథను ఏ పత్రికా వేయదు. అచ్చుకు ముందు కొందరితో చదివిస్తారు; వాళ్ల ముఖాలు చూసి ఫోనే నవ్వులు లెక్కపెడుతుంది. నా భార్య సుభాషిణి మరణం గురించి నేను రాసిన కథకు ఒక్కటే వచ్చింది. ఆమె పేరు ఒక్కసారైనా అచ్చులో చూడాలని నా కోరిక.

పత్రికలో పనిచేస్తున్న నా పాత విద్యార్థిని హిమజకు ఫోన్ చేశాను.

"ఎక్కడ నవ్వారమ్మా?"

"దహనానికి మీరు ఒంటిపూట సెలవే అడిగారు కదండీ, అక్కడ. అలాంటివి ఇంకో రెండు చెప్పండి మాస్టారూ, వేసేద్దాం."

"శ్మశానానికి వచ్చినవాళ్లను ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టాను."

హిమజ కిసుక్కున నవ్వింది. "ఇంకోటి?"

"ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి, భయంగా ఉంది రమ్మంది. పాఠం అయ్యాక వస్తానన్నాను."

"మీరు మారరండీ," అంటూ పగలబడి నవ్వింది.

ఆదివారం కథ అచ్చయింది. సుభాషిణి పేరు తీసేశారు. అక్కడ ఎవరూ నవ్వలేదట.