దాటరాని మట్టలు

కప్తాన్ యాకోబస్ ఓడ దిగి చిన్న పడవలో వచ్చి, నీళ్లలో నాటిన కొబ్బరి మట్టల దగ్గర ఆగిపోయాడు. మట్టలు నాటి మూసిన నీళ్లలో దిగితే సముద్రం ప్రాణం తీస్తుందని మా మిసోల్ దీవుల్లో పసిపిల్లలకీ తెలుసు.

"డోర్కాసమ్మా, ఒక్క పూట తీసెయ్యవా? ఇక్కడి పగడాలు చూపిస్తానని పన్నెండుమందిని ఓడెక్కించాను. చూపించకపోతే నన్ను నమిలేస్తారు."

"నమలనీ! నీ లంగరు విడిపించబోయి మునిగిపోయిన నా మొగుడి కోసం పూటైనా ఆగావా?"

"అతిథులకు ఆలస్యమవుతోందని..."

"ఇవాళా అవుతోందిగా. వెళ్లు."

ఓడ వెనుదిరిగింది.

ఊరంతా చర్చిలో ప్రార్థించాకే మట్టలు నాటాలి. దొంగ మట్టలు నాటితే, నాటినవాళ్లకే శాపం. వీటిని ఈ ఉదయం వాడి తెరచాప కనిపించాక నేనొక్కదాన్నే నాటాను. తగిలితే తగలనీ.