కంచెలో పూసిన మొక్క

తిమ్మక్క మేకలను తోలుకొని గుట్ట దిగేదాకా దివాకర్ బండ చాటునే కూర్చున్నాడు.

అతను అనంతపురంలో కాలేజీ లెక్చరరు. 1958లో వానలు పడగానే మొక్కలు సేకరించడానికి నల్లమాడ గుట్టలకు వచ్చాడు. నాలుగు రోజులుగా ఒక చిన్న మొక్క అతని బుర్ర తినేస్తోంది. ఆకు తుంచితే పాలు కారుతాయి. ఏ పుస్తకంలోనూ దాని ఊసు లేదు. కొత్త జాతి అని పేరు పెట్టాలంటే పువ్వు చూపించాలి. గుట్టంతా మేకలు మొగ్గ మిగల్చకుండా కొరికేశాయి.

పూసింది ఒక్క చోటే, చుట్టూ ముళ్ళకంప వేసిన బారెడు నేలలో. కంప తానే వేశానని తిమ్మక్క ఒప్పుకుంది. ఎందుకో చెప్పలేదు. లోపలికి మాత్రం పోవద్దంది. ఊళ్ళో తనకు బస ఇచ్చిన పుల్లన్నను అడిగితే అతనూ మాట దాటేశాడు. ఇదేదో మందుమొక్క, కదిరి సంతలో గుట్టుగా అమ్ముకుంటోంది అనుకున్నాడు దివాకర్.

కంప లాగి, వేళ్ళతో సహా ఒక మొక్కను పెకలిస్తుండగా మీద నీడ పడింది. తిమ్మక్క వెనక్కి వచ్చింది. తిడుతుందనుకున్నాడు. ఆమె మాత్రం అతను తవ్విన గుంతకేసి చూస్తూ నిలబడింది.

"దాన్నేం చేస్తావు సారూ?"

"ఎండబెట్టి, కాగితానికి అంటించి మద్రాసులో దాస్తారు. పక్కనే పేరు రాస్తారు."

"ఆ పేరు ఎన్నాళ్ళుంటాది?"

"మనం పోయినా ఉంటుంది. దేశదేశాల్లో దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఇంతకీ మీ ఊళ్ళో దీన్నేమంటారు?"

ఆమె గుంత పక్కన కూర్చుంది.

"కదిరమ్మ" అనింది. చేతులతోనే గుంత పూడ్చి, కంప మళ్ళీ సర్దింది.

చుట్టుపక్కల నాలుగూళ్ళలో విచారిస్తే, ఆ పేరుతో ఏ మొక్కనూ ఎరగమన్నారు. అసలు పేరు దాచి తనను ఏమార్చిందని దివాకర్‌కు ఒళ్ళు మండింది. అయినా ఇంకో పేరు దొరక్క, శాస్త్రీయ నామంలో దాన్నే పెట్టాడు.

మరుసటి ఏడు ఆ పేరు అచ్చయింది. పత్రిక పట్టుకొని మళ్ళీ గుట్టకు వచ్చి తిమ్మక్కకు చూపించాడు. ఆ పేరు అక్షరాలు ఎక్కడున్నాయో అడిగి, వాటిని వేలితో మెల్లగా నిమిరింది ఆమె.

"ఇప్పుడన్నా నిజం చెప్పు తిమ్మక్కా. ఆ మొక్క పేరు కదిరమ్మేనా?"

"కాదు సారూ, దాని కింద పూడ్చిన నా బిడ్డ పేరు."