మీటరు పక్కన కాగితం

"అమ్మా, పొయ్యిలు బంద్ చేయుండ్రి! ముందుగాల డ్రమ్ము మీది రాళ్లు దించుండ్రి!"

వాకిట్లో నిలబడి అరిచాడు ఆ అపరిచితుడు. మాసిన చొక్కా, చంకలో గుడ్డసంచి.

జహీరాబాద్ రేవణసిద్ధప్ప ఇంట్లో ఆ పొద్దున కూతురి నిశ్చితార్థం. 1984లో పెరట్లో గోబర్ గ్యాసు ఉన్న ఇల్లు ఆ వీధిలో అదొక్కటే. గ్యాసు జోరుగా రావాలని దాని ఇనుప డ్రమ్ము మీద మూడు బండరాళ్లు పెట్టారు. వంటింట్లో నాలుగు పొయ్యిలు మండుతున్నాయి. అన్నిటికీ గ్యాసు వచ్చేది సర్కారు ఆఫీసువాళ్లు గోడకు బిగించిన ఒకే మీటరు గుండా.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు రేవణసిద్ధప్ప.

"అది రెండు పొయ్యిల మీటరు పటేలా. కోహీర్‌ల గిట్లనే నడిపిన్రు. అతుకు ఊడి ఇల్లు కాలింది."

రేవణసిద్ధప్ప నవ్వి, మీటరు పక్కన అంటించిన కాగితం చూపించాడు.

"చదువు. నాలుగు పొయ్యిలు వాడచ్చు, గ్యాసు చాలకుంటే బరువు పెట్టచ్చు. ఇంజనీరు దస్తఖత్ చేసి ఆఫీసు నుంచి పంపిండు. నువ్వు ఆయనకన్న మొనగానివా?"

"ఆయన తప్పు రాసిండు."

"నీ చెవుల చెప్పిండా?"

అతను తల దించుకున్నాడు.

"ఆ కాగితం నాకియ్యుండ్రి. జర వాసన చూడుండ్రి, లీకైతున్నది."

"పెండ గ్యాసు అత్తరు వాసన వస్తదా?"

అందరూ నవ్వారు.

"ఆకలి మీదున్నడేమో, రెండు భక్ష్యాలు పెట్టి పంపుండ్రి," అంది పొయ్యి దగ్గర నుంచి అతని భార్య కమలమ్మ.

"మగపెళ్లివాళ్లు చిరాగ్‌పల్లి దాటిన్రు. ముందు ఈన్ని బయటికి దొబ్బుండ్రి!" అన్నాడు రేవణసిద్ధప్ప.

గెంటేశారు. అతను పోలేదు. సందులోంచి పెరట్లోకి దూరి, ఒక రాయి దించాడు. రెండోదాని మీద చెయ్యి వేశాడు.

వంటింట్లో భగ్గుమంది.

అతను సంచి పెరట్లోనే పడేసి, మంటల్లోకి దూకి కమలమ్మను బయటికి తోసేశాడు. గ్యాసు ఇంకా వస్తూనే ఉంది. మీటరు కింది చాబీ తిప్పడానికి మళ్లీ లోపలికి వెళ్లాడు.

మంట ఆగింది. అతను రాలేదు.

నీళ్ల బిందెలు పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయారు అందరూ.

దవాఖానలో శవం పక్కన కానిస్టేబుల్ ఆ గుడ్డసంచి విప్పాడు. లోపల పదిహేను కాగితాలు. ప్రతి దాని వెనకా ఎండిన పిండి జిగురు, గోడ సున్నం.

రేవణసిద్ధప్ప ఒకటి తిప్పి చూశాడు. నాలుగు పొయ్యిలు వాడవచ్చు. కింద అదే దస్తఖత్, మదన్‌మోహన్.

"ఈ ఇంజనీరు కాగితాలు వీనికెట్ల దొరికినయి?"

కానిస్టేబుల్ సంచి అడుగు నుంచి ఆఫీసు గుర్తింపు కార్డు తీసి అతని చేతిలో పెట్టాడు. ఫోటోలో ఉన్నది పొద్దున తాము గెంటేసిన మనిషి, ఫోటో కింద పేరు మదన్‌మోహన్.